సరిచేసిన ఫైలు

"కాస్తయినా నిద్రపోయావా అమ్మా?" అని అడిగాడు డిటెక్టివ్.

ప్రోగ్రామర్ తల అడ్డంగా ఊపింది. స్టేషన్ వెనక గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎవరూ పట్టించుకోక ఆగిపోయిన గోడ గడియారం. మంగళవారం పొద్దున్న తీసుకొచ్చి కూర్చోబెట్టినప్పటి నుంచి ఆమె ఆ కుర్చీలోనే ఉంది. ఇవాళ గురువారం.

"నేనూ పోలేదులే" అంటూ ఆయన మోకాళ్లు పట్టుకుని రెండో కుర్చీలో కూలబడ్డాడు. "మీ పిన్ని పంపింది నన్ను."

"పిన్ని ఇంక నా మొహం చూస్తుందా సర్?"

"చూడ్డానికే పంపింది. 'మా ఆయన్ని అది చంపడమేమిటి, మీకేమైనా మతులు పోయాయా' అని ఇక్కడ అందరినీ దులిపేసి, నేరుగా మా ఇంటికొచ్చి కూర్చుంది. నేను ఒప్పుకునేదాకా లేవలేదు. నాకు ఓపిక లేదమ్మా అంటే, నాకు మాత్రం ఉందా అంది."

ఆమె నవ్వబోయింది గానీ అది పెదాల దగ్గరే ఆగిపోయింది.

జరిగింది ఇంత. ఊరి చివర ఒక కోల్డ్ స్టోరేజీ. అందులో చల్లదనం పుట్టించేది అమోనియా గ్యాస్. పైపుల్లో ఉన్నంతసేపూ అది చెప్పినమాట వింటుంది. బయటికొస్తే మనిషి ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అందుకని మెషీన్ గదిలో గ్యాస్‌ను పసిగట్టే సెన్సర్ పెట్టారు. సెన్సర్ చూపించే అంకె ఒక వెబ్‌సైట్‌కి చేరుతుంది. అంకె హద్దు దాటితే ఆ సైటు ఆపరేటర్ ఫోనుకి హెచ్చరిక పంపుతుంది. ఆయన మంచం దిగకుండానే ఫోనులో బటన్ నొక్కి మెషీన్ ఆపేయవచ్చు. ఆ సైటుని పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసింది ఈ అమ్మాయి. ఆ ఆపరేటర్ ఆమెకు సొంత బాబాయి. సోమవారం మధ్యాహ్నం ఆమె సర్వర్ మీద కొత్త కోడ్ పెట్టింది. మంగళవారం తెల్లవారేసరికి బాబాయి మెషీన్ గది గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు. గ్యాస్ పెరిగిన సంగతి సెన్సర్ చెప్పింది. హెచ్చరిక మాత్రం ఆయన ఫోనుకి రాలేదు. అంతా బాగానే ఉందనుకుని, రోజూలాగే తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

ఈ సాయంత్రం ఆమెను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. నిలబెట్టారంటే హత్య కేసే. ఆ తర్వాత ఏది తేలినా ఆమె జైల్లో కూర్చునే వినాలి.

"అందరి ముందూ బాబాయితో ఏదో అన్నావట" అన్నాడు డిటెక్టివ్.

"తమాషాకన్నాను సర్. నీ యంత్రం రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వట్లేదే అన్నాడు. అయితే ఆపేస్తాలే బాబాయ్, హాయిగా పడుకో అన్నాను. ఆఫీసులో అందరూ నవ్వారు. ఇప్పుడు అందరూ అదే సాక్ష్యం చెప్పారు."

డిటెక్టివ్ కోటు లోపలి జేబులోంచి మడత కాయితం తీసి బల్ల మీద పరిచాడు. ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలి సంపాదించిన నకలు అది.

"ఇదేదో నీ సర్వర్ మీద ఉన్న ఫైలట. నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను పలక మీద అక్షరాలు దిద్దినవాణ్ణి."

"ఎన్వ్ ఫైలు సర్. సైటు ఎక్కడ నడుస్తోందో దాని తాలూకు గుట్టంతా ఇందులో పెడతాం. డేటాబేస్ పాస్‌వర్డ్, గ్యాస్ హద్దు ఎంత, హెచ్చరిక ఏ నంబరుకి పోవాలి, ఇలాంటివి. కోడ్‌లో కలపం. విడిగా ఉంచుతాం."

"నంబరు ఎవరిది?"

ఆమె వేలు పెట్టి చూసింది. "బాబాయిదే."

"అదీ ఇన్‌స్పెక్టర్ ధీమా. ఫైలులో నంబరు సరిగ్గా ఉంది, సెన్సర్ సరిగ్గా ఉంది, మరి హెచ్చరిక ఎక్కడ ఆగింది? నువ్వు సోమవారం పెట్టిన కోడ్‌లో." ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నంబరు వదిలెయ్. కాయితం మొత్తాన్ని చూడు. నువ్వు లేనప్పుడు నీ వంటింట్లోకి ఎవరైనా వచ్చి వెళితే తెలుస్తుందా లేదా? అలా చూడు."

ఆమె కాయితాన్ని దగ్గరికి లాక్కుంది. పై నుంచి కిందికి చదివింది. మళ్లీ పైకి వచ్చింది. వాలిపోయిన కనురెప్పలు మెల్లగా పైకి లేచాయి.

"నా రాతలు లేవు సర్."

"ఏం రాతలు?"

"ఒక్కో లైను పైన నాకోసం ఒక మాట రాసుకుంటాను. సైటు వాటిని చదవదు. బాబాయి నంబరు పైన 'ఇది మారిస్తే ముందు బాబాయికి చెప్పాలి' అని రాశాను. లేదు. లైన్ల మధ్య ఖాళీలు వదులుతాను, అవీ లేవు. ప్రతి విలువకీ ఆ చివరా ఈ చివరా కొటేషన్ గుర్తులు ఉన్నాయి. నేనైతే అవసరమైన చోటే పెడతాను." ఆమె గొంతు తగ్గింది. "ఇది చేత్తో రాసింది కాదు సర్. ప్రోగ్రామ్ రాసింది. నేను రాసిన ప్రోగ్రామే."

"మెల్లగా చెప్పు."

"మేనేజర్ గారు అడిగారు. ప్రతి చిన్నదానికీ నీ కోసం కూర్చోవాలా, మేమే మార్చుకునేలా ఒక పేజీ పెట్టమ్మా అన్నారు. సరేనని సెట్టింగ్స్ పేజీ పెట్టాను. అందులో గళ్లుంటాయి. ఒక గడిలో విలువ మార్చి సేవ్ నొక్కితే, నా ప్రోగ్రామ్ ఈ ఫైలు మొత్తం చదివి, మారింది పెట్టి, మళ్లీ మొదటి నుంచీ కొత్తగా రాసేస్తుంది. అలా రాసేటప్పుడు నా రాతలు రాలిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను."

"అడుగుజాడలు పోవాలని చీపురుతో ఊడ్చారు, చీపురు గీతలు ఉండిపోయాయి" అన్నాడు డిటెక్టివ్. "పైన మూల చిన్న అక్షరాల్లో ఏదో ఉంది చూడు. నా కళ్లకు ఆనట్లేదు."

"ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో ఉంది." ఆమె చదివింది. ఆగి, మళ్లీ చదివింది. "మంగళవారం సాయంత్రం."

"మంగళవారం సాయంత్రం నువ్వెక్కడున్నావ్?"

"ఈ కుర్చీలో."

వరండాలో ఎవరో దగ్గుకుంటూ నడిచి వెళ్లారు. ఆ అడుగులు పూర్తిగా దూరమయ్యాక డిటెక్టివ్ ముందుకు వంగి అడిగాడు.

"సరిగ్గా ఉన్న ఫైలుని పనిగట్టుకుని ఎవరైనా సరిచేస్తారా?"

"సరిగ్గా లేకపోతేనే సర్ సరిచేసేది." అని ఆమె గభాలున లేచి నిలబడింది. రెండు రోజులుగా కూర్చునే ఉండటంతో కాళ్లు తిమ్మిరెక్కి బల్ల పట్టుకుంది. "సర్, వాళ్లు సరిచేసింది ఫైలుని. సైటుని కాదు."

"రెండూ ఒకటి కాదా?"

"కాదు. సైటు ఈ ఫైలుని ప్రతిసారీ తెరవదు. ఆలస్యమవుతుందని ఒకసారి చదివి ఒక నకలు చేసి పెట్టుకుంటుంది. కాష్ అంటాం. ఇక అంతా ఆ నకలు చూసే నడుస్తుంది. ఫైలులో ఏం మార్చినా, మళ్లీ నకలు తీసేదాకా సైటుకి తెలియదు."

"నకలు తీసేది ఎవరు?"

"కొత్త కోడ్ పెట్టినప్పుడు నేనే తీస్తాను. సోమవారం తీశాను." చెబుతుండగానే ఆమెకు విషయం పూర్తిగా తట్టింది. నెమ్మదిగా మళ్లీ కూర్చుంది. "అంటే అంతకుముందే ఎవరో నంబరు మార్చి ఉంచారు. నకలు పాతది కాబట్టి బాబాయికి హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. నేను ఫైలు తెరిచి చూడలేదు. ఎప్పుడూ చూడను. అది కోడ్‌తో పాటు రాదు, సర్వర్ మీదే పడి ఉంటుంది. వాళ్లు రాసిపెట్టిన నంబరుని నేనే, నా చేత్తోనే..."

"ఏడిస్తే కళ్లు కనపడవు. ఇవాళ నీ కళ్లతో నాకు పనుంది" అన్నాడు డిటెక్టివ్. ఆ మాట కటువుగానే అన్నాడు గానీ, బల్ల మీదున్న మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. "ఆ సోమవారం నకలు ఇప్పుడు ఎక్కడుంది?"

"సర్వర్ మీదే ఉంటుంది. తీసెయ్యడానికి ఎవరున్నారు? నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు కదా."

"అయితే సైటు ఇప్పటికీ..."

"ఆ నంబరుకే పంపుతోంది."

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. డిటెక్టివ్ భార్యకు తమ్ముడు. యూనిఫాం ఇస్త్రీ చెడలేదు గానీ, కళ్ల కింద నలుపు దాచుకోలేకపోతున్నాడు.

"స్టేషన్ నాది, ముద్దాయి నాది, కుర్చీలు నావి. ప్రశ్నలు మాత్రం నీవి. బాగుంది బావా."

"టీ అయినా ఇచ్చావా నాకు?"

"అక్క వద్దంది. నీకు షుగరట. మాత్రలు వేసుకున్నావో లేదో కనుక్కోమని పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్. నేను హత్య కేసు చూసుకోవాలా, నీ మాత్రలు చూసుకోవాలా?"

"హత్య కేసు నువ్వు చూడ్డం లేదు కాబట్టి మాత్రలు చూడు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో తమాషా పోయింది. లోపలికొచ్చి బల్ల మీద చెయ్యి ఆనించాడు. "బావా, నీకూ నాకూ ఉన్న తేడా ఒక్కటే. నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటావు, నేను తేలుస్తాను. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ నువ్వు ఆలోచిస్తూనే రిటైరయ్యావు. నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. సాయంత్రానికి ముద్దాయి కావాలంటున్నారు."

"ముద్దాయి కావాలంటున్నారా, చేసినవాడు కావాలంటున్నారా?"

"చేసింది ఎదురుగానే కూర్చుంది."

డిటెక్టివ్ కాయితాన్ని అతని వైపు తిప్పి మూల మీద వేలు పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ చదివాడు. చదివినట్టు ఒప్పుకోవడానికి కొంతసేపు పట్టింది.

"మా కంప్యూటర్ మనిషి తెరిచినప్పుడు మారి ఉంటుంది."

"మీ మనిషి వచ్చింది బుధవారం. ఇది మంగళవారం. చూడ్డానికి తెరిస్తే మారదు, రాస్తేనే మారుతుంది, అంతేనా అమ్మా?"

"అంతే సర్."

"ఈవిడ మాట మీద ఈవిడనే వదిలెయ్యమంటావు."

"వదలమనడం లేదు. కోల్డ్ స్టోరేజీకి తీసుకురమ్మంటున్నాను. నువ్వు సీలు వేసిన ఈమె ల్యాప్‌టాప్ కూడా తీసుకురా. సర్వర్ మీద ఒక నకలు ఉంది. అందులో ఒక నంబరు ఉంది. చదివి చెబుతుంది. ఆ నంబరు వాళ్ల బాబాయిదే అయితే నేను ఇంటికెళ్లి మీ అక్క ఎదురుగా మాత్రలు వేసుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూశాడు, ఆగిపోయిన గడియారం వైపు చూశాడు, చివరికి విసుగ్గా తల ఎగరేశాడు. "చదవడం వరకే. ఒక్క మీట అదనంగా నొక్కినా చేతులకి సంకెళ్లు పడతాయి. ఏదీ ముట్టుకోకూడదు."

జీపులో ప్రోగ్రామర్ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. సగం దారిలో డిటెక్టివ్ అడిగాడు: "అక్కడ కాపలా ఎవరు?"

"కానిస్టేబుల్. పనివాళ్లు మెషీన్ గదిలోకి దూరుతుంటే పెట్టాను. వాడికి టీ పిచ్చి. బయట కూర్చోబెడితే టీ కొట్టుకి అంటుకుపోతాడు. నిన్న రెండుసార్లు దొరికాడు. అందుకని ఇవాళ మెషీన్ గది లోపలే కూర్చోబెట్టి, బయట తాళం వేసి వచ్చాను." ఇన్‌స్పెక్టర్ జేబు తట్టుకున్నాడు. తాళంచెవి గలగలమంది. "వెళ్లగానే తీస్తాలే. అలా చూడకు."

"మెషీన్ నడుస్తోందా?"

"పొద్దున్న వెయ్యనిచ్చాను. లోపల సరుకు పాడైపోతోందని మేనేజర్ కాళ్లావేళ్లా పడ్డాడు. లీకైన చోట బోల్టులు బిగించారు."

"కొత్త ఆపరేటర్ వచ్చాడా?"

"ఎక్కడ? సైటు ఉంది కదా, గ్యాస్ వస్తే అదే చెబుతుందన్నాడు మేనేజర్."

ప్రోగ్రామర్ కళ్లు తెరిచింది. డిటెక్టివ్ డ్రైవర్ భుజం మీద చెయ్యి వేసి, కాస్త తొందరగా పోనివ్వు నాయనా అన్నాడు. ఆయన నోట ఆ మాట ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ వినలేదు.

కోల్డ్ స్టోరేజీ ఆవరణలో అడుగుపెట్టేసరికి మెషీన్ హోరు కాళ్ల కిందనుంచి వస్తున్నట్టు ఉంది. మెషీన్ గది ఆవరణకి ఆ చివర. గోడలు జానెడు మందం; లోపల ఫోనుకి సిగ్నల్ అందదు, ఆ హోరులో పక్క మనిషి కేక కూడా వినపడదు. ఇన్‌స్పెక్టర్ అటు వెళ్లబోయాడు గానీ, మేనేజర్ ఎదురొచ్చి ఆఫీసులోకి దారి చూపించాడు. దారిలో ఆపరేటర్ పడుకునే చిన్న గది. తలుపు తీసే ఉంది. డిటెక్టివ్ అక్కడ ఆగాడు.

మంచం, దుప్పటి, గోడకు ఒక చొక్కా. తలగడ పక్కన స్టూలు. స్టూలు మీద స్టీలు చెంబు, చెంబులో ఫోను.

"ఫోను చెంబులో వేశారేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ప్రోగ్రామర్ గుమ్మం దాటలేదు. "బాబాయికి ఒక చెవి సరిగ్గా వినపడదు. మెసేజ్ వస్తే ఫోను చెంబులో గణగణమంటుంది. ఆ మోతకి లేచేవాడు."

డిటెక్టివ్ ఫోను పైకి తీసి చూసి, ఉన్నచోటే పెట్టాడు. శబ్దం ఆఖరి గీత దాకా పెంచి ఉంది. "బావమరిదీ, నిద్ర పాడవుతోందని సణిగిన మనిషి ఇతను. సణుగుతూనే, తప్పకుండా నిద్ర పాడయ్యేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఇంట్లో అందరం ఇలాగే మాట్లాడతాం. మీ అక్కని అడుగు."

ఇన్‌స్పెక్టర్ మొదటిసారిగా ఆ అమ్మాయి వైపు ముద్దాయిని చూసినట్టు కాకుండా చూశాడు.

ఆఫీసు ఒకటే గది. మేనేజర్ బల్ల మీద ఒక కంప్యూటర్. తెర అంచున పసుపు చీటీ మీద పాస్‌వర్డ్ రాసి అంటించి ఉంది. మేనేజర్ యాభై దాటిన మనిషి. గడ్డం గీసుకోలేదు. చొక్కా బొత్తాం ఒక గడి తప్పి పెట్టుకున్నాడు.

"సెట్టింగ్స్ పేజీ ఎవరు వాడతారు?" డిటెక్టివ్ అడిగాడు.

"అందరం వాడతాం సర్. పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. ఇదిగో, చీటీ కూడా అంటించాం."

"మంగళవారం సాయంత్రం ఎవరు వాడారు?"

"గుర్తులేదు సర్. ఆ రోజు ఎవరి బుర్ర పనిచేసింది? శవాన్ని తీసుకెళ్లారు, అందరూ ఏడుస్తున్నారు."

"అందరూ ఏడుస్తుంటే సెట్టింగ్స్ మార్చాల్సినంత అవసరం ఎవరికొచ్చింది?"

మేనేజర్ నీళ్లు నమిలాడు. "మార్చారని ఎవరన్నారు?"

"ఆ ఫైలే అంది." డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆపరేటర్ పని ఎలా ఉండేది?"

"మంచివాడు సర్. కాకపోతే మరీ జాగ్రత్త. ఫోను మోగితే చాలు, మంచం మీంచే మెషీన్ ఆపేసేవాడు. తర్వాత చూస్తే ఏమీ ఉండేది కాదు. ఆగిన ప్రతిసారీ లోపల సరుకు మెత్తబడేది. సరుకు దాచుకున్నవాళ్లంతా వచ్చి నా మీద పడేవాళ్లు. ఆయన మీద కాదు, నా మీద." ఆ చివరి మాటలో చాలాకాలం మోసిన బరువు ఉంది. అది తనకే వినపడి మేనేజర్ ఠక్కున నోరు మూసుకున్నాడు.

డిటెక్టివ్ ప్రోగ్రామర్‌కి సైగ చేశాడు. ఇన్‌స్పెక్టర్ సీలు చింపి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, వెనకే నిలబడ్డాడు. ఆమె సర్వర్‌లోకి వెళ్లి, అతను చూస్తుండగా ఒక్కో మెట్టూ దిగి, ఒక ఫైలు తెరిచింది.

"ఇదీ సోమవారం నకలు. నేను మార్చడం లేదు సర్, చదువుతున్నాను." వేలు తెర మీద ఆగింది. "ఇది బాబాయి నంబరు కాదు."

"ఎవరిది?"

"నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు."

ఆమె అంకెలు చదువుతుంటే ఇన్‌స్పెక్టర్ తన ఫోనులో నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మోగుతోంది" అన్నాడు.

మెషీన్ హోరు గోడల్లోంచి వస్తూనే ఉంది. దాని కింద ఇంకేదో సన్నగా, గోనెసంచిలో చిక్కిన తుమ్మెదలా, చప్పుడు చేసింది. డిటెక్టివ్ మేనేజర్ బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. చెక్క అదురుతోంది.

"కింది డ్రాయర్" అన్నాడు.

మేనేజర్ తెరవలేదు. ఇన్‌స్పెక్టర్ లాగాడు. చార్జర్ వైరు, మడతల తువ్వాలు, తువ్వాలులో చుట్టిన చిన్న ఫోను. అది ఇంకా వణుకుతూనే ఉంది.

"నేను చంపలేదు సర్" అన్నాడు మేనేజర్. గొంతు పెంచలేదు. అలిసిపోయినవాడు మూట దించినట్టు దించాడు. "హెచ్చరిక ముందు నాకొస్తే, నిజంగా ఆపాలో వద్దో నేను చూసి చెబుదామనుకున్నాను. అందుకే ఈ ఫోను కొన్నాను, పేజీలో నంబరు మార్చాను. సేవ్ అయింది అని వచ్చింది. కానీ రోజులు గడిచినా దీనికి ఒక్కటీ రాలేదు. అన్నీ ఆయనకే పోతున్నాయి. పేజీ పనిచెయ్యడం లేదనుకున్నాను. ఫోను డ్రాయర్‌లో పడేసి మర్చిపోయాను."

"సోమవారం దాకా" అన్నాడు డిటెక్టివ్.

"మంగళవారం పొద్దున్న తీసి చూస్తే నిండా మెసేజ్‌లు. ఆయనకి పోవాల్సినవన్నీ. చేతులు ఆడలేదు సర్. తువ్వాలులో చుట్టి పెట్టేశాను. దాన్ని మళ్లీ ముట్టుకోలేకపోయాను. సాయంత్రం ఎవరూ లేనప్పుడు నంబరు సరిచేశాను. ఇంక దీనికి రావనుకున్నాను."

"ఈ అమ్మాయి జైలుకెళుతుంటే చూస్తూ కూర్చుందామనుకున్నావు" అనలేదు డిటెక్టివ్. అనాలనిపించింది, కానీ ఆ మనిషి బొత్తాం తప్పిన చొక్కా చూశాక ఓపిక లేకపోయింది.

ప్రోగ్రామర్ తెర వైపే చూస్తోంది. "సేవ్ అయింది అని చూపించింది నేనే" అంది మెల్లగా. "ఎక్కడ సేవ్ అయిందో రాసి ఉండాల్సింది."

ఇన్‌స్పెక్టర్ నడుముకున్న సంకెళ్లు తీశాడు. అవి ఎవరి కోసం తెచ్చాడో గుర్తొచ్చి, ఒక్క క్షణం వాటిని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "బావా, ఒప్పుకుంటున్నాను. ఈసారి నువ్వే..."

"ఆగు."

డిటెక్టివ్ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ చిన్న ఫోనుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చేసిన కాల్ తెర మీది నుంచి పోయింది. దాని కింద మెసేజ్‌లు బారులు తీరి ఉన్నాయి.

"అమ్మా, ఇవి ఏ రోజువి? కొత్తవి పైన ఉంటాయా, కింద ఉంటాయా?"

ఆమె వంగి చూసింది. మొహం పాలిపోయింది.

"పైన సర్. ఇవాళ్టివి. మనం జీపులో ఉన్నప్పటి నుంచీ వస్తున్నాయి. అంకె పెరుగుతూనే ఉంది."

ఆ మాట అంటుండగానే ఫోను డిటెక్టివ్ చేతిలో మళ్లీ వణికింది.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి జేబు మీదికి పోయింది. తాళంచెవి ఉన్న జేబు. సంకెళ్లు నేల మీద పడిన చప్పుడు అయ్యేసరికే అతను గుమ్మం దాటాడు.

"సర్" అని పిలిచింది ప్రోగ్రామర్. ఆమె వేళ్లు మీటలకు పైన, గాలిలో ఆగి ఉన్నాయి. "మెషీన్ ఆపే బటన్ ఇందులో ఉంది. ముట్టుకోవచ్చా?"

వరండాలో ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. పరుగెడుతూనే వెనక్కి కేకేశాడు. "ముట్టుకో తల్లీ. ఆపెయ్."

డిటెక్టివ్ ఆఫీసు మూలనున్న కూజాలో నీళ్లు తువ్వాలు మీద కుమ్మరించాడు. అదే తువ్వాలు, ఫోనుని చుట్టినది. దాన్ని ముక్కుకి అడ్డం పెట్టుకుని, మోకాళ్లు వద్దంటున్నా, బావమరిది వెనక పడ్డాడు. ఆవరణ సగం దాటేసరికి ముక్కుపుటాల్లో సూదులు గుచ్చినట్టు ఘాటు తగిలింది. కళ్ల వెంట నీళ్లు కారాయి.

కాళ్ల కింద హోరు ఒక్కసారి ఎత్తుగా మూలిగి, తగ్గి, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, మందపాటి తలుపు అవతల నుంచి అరచేత్తో కొడుతున్న చప్పుడు వినిపించింది. గట్టిగా కాదు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

అంటే కానిస్టేబుల్ ఇంకా నిలబడే ఉన్నాడు. తలుపు ఇవతల ఇన్‌స్పెక్టర్ చేతిలో తాళంచెవి రంధ్రం చుట్టూ గీతలు గీస్తోంది గానీ, లోపలికి దిగడం లేదు.

"ఇలా ఇవ్వు" అన్నాడు డిటెక్టివ్. తడి తువ్వాలు అతని మొహాన కప్పి, ఆ చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకుని తాళంచెవిని రంధ్రంలోకి దించాడు.